మధుకామిని కంచె: టెక్కలి ఎర్రనేలలో పదేళ్ల వాడకం తర్వాత

ఇంటి చుట్టూ పచ్చటి కంచె వేద్దామనుకుని, ఏ మొక్క పెట్టాలో తేలక ఇంకా వెతుకుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మా ఇల్లు శ్రీకాకుళం జిల్లా టెక్కలి శివార్లలో ఉంది. 2015 తొలకరికి రోడ్డు వైపు, ఉత్తరం వైపు మధుకామిని నాటించాం. అప్పటి నుంచి ఎండలు, తుపాను, గ్రానైటు లారీల దుమ్ము, బోరు నీళ్లు, మేకలు అన్నిటినీ తట్టుకుంటూ వచ్చింది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏడాది పొడవునా గీత గీసినట్టు, గోడలా నున్నగా కనిపించే కంచె కావాలంటే ఈ మొక్క కొనొద్దు. పూత ఎప్పుడొస్తుందో చూసుకుని, దాని ప్రకారం కత్తెర పట్టే ఓపిక ఉంటే మాత్రం మన ఉత్తరాంధ్ర నేలకు దీన్ని మించిన కంచె మొక్కను నేను చూడలేదు.

నర్సరీలో కామిని అన్నా, మధుకామిని అన్నా ఇదే ఇస్తారు. శాస్త్రీయ నామం ముర్రయా పానిక్యులేటా. నిమ్మ, నారింజల కుటుంబం. కరివేపాకు దీనికి దగ్గర చుట్టం, అందుకే ఈనెకు ఇటూ అటూ చిన్నాకులు పేర్చినట్టుండే తీరు రెంటిలోనూ ఒకటే. కాకపోతే దీని ఆకు గుండ్రంగా, మందంగా, నూనె రాసినంత మెరుపుతో ఉంటుంది. ముర్రయా అనే పేరు పెట్టిన కోనిగ్ అనే వృక్షశాస్త్రవేత్తకు మన తీరంతో సంబంధం ఉందని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది. ఆయన లిన్నేయస్ శిష్యుడు. తమిళనాడు తీరంలోని తరంగంబాడికి వచ్చి దక్షిణ భారతంలో మొక్కలు సేకరిస్తూ ఉండిపోయాడు. తనలాగే లిన్నేయస్ దగ్గర చదువుకున్న ముర్రే పేరును ఈ ప్రజాతికి పెట్టాడు. 1785లో జబ్బుపడి, కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. కరివేపాకు శాస్త్రీయ నామంలో కోనిగీ అన్న భాగం ఆయన జ్ఞాపకమే. ఇప్పుడు చాలామంది శాస్త్రవేత్తలు కరివేపాకును ముర్రయాలోంచి తీసి బెర్గేరా అనే వేరే ప్రజాతిలో పెడుతున్నారు గానీ, చుట్టరికం మాత్రం పోలేదు. ఈ చుట్టరికం వల్ల ఒక చిక్కు కూడా ఉంది. నిమ్మ చెట్టున్నవాళ్లకు అది పెద్ద చిక్కే. కింద చెబుతాను.

మా నేల ఎర్రమట్టి, అడుగున గ్రావెలు. వాన నీళ్లు నిలవవు, ఎండాకాలంలో గునపం దిగదు. అడుగున్నర లోతున పొడవాటి కాలువ తవ్వించి, తవ్విన మట్టిలో బాగా మాగిన పశువుల గెత్తం, కొంచెం వేపపిండి కలిపి తిరిగి పూడ్పించాం. మొక్కకీ మొక్కకీ మధ్య రెండడుగులు వదిలాం. అడుగుకొకటి పెడితే త్వరగా కమ్ముకుంటుందని నర్సరీల్లో చెబుతారు. నిజమే, త్వరగానే కమ్ముకుంటుంది. కానీ నాలుగైదేళ్లు పోయాక వేళ్లు ఒకదానితో ఒకటి పోటీ పడి కింది కొమ్మలు ఎండిపోతాయి. మా వీధి చివర ఒకరింట్లో అలాగే అయింది. పైన ఆకు, కింద పుల్లలు, మధ్యలోంచి కుక్కలు.

మొక్కలు కొనేటప్పుడు ఎత్తు చూసి కొనకండి. కడియం నుంచి వ్యాన్లలో వచ్చే మొక్కల్లో మూడడుగుల ఎత్తున ఒంటి కాడతో నిలబడేవి ఉంటాయి, అడుగున్నర ఎత్తులోనే మొదట్నుంచి కొమ్మలేసినవీ ఉంటాయి. కంచెకు రెండోవే కావాలి. కింద కొమ్మ లేని మొక్కను తెచ్చుకుంటే, తల తుంచి మళ్లీ మొదటి నుంచి పెంచుకోవాల్సిందే. సంచి తిప్పి ఆకుల వెనక కూడా చూడండి, తెల్లటి దూదిలాంటి పిండినల్లి ఉంటే ఆ మొక్క వద్దు. మినీ కామిని అని చిన్నాకు రకం ఒకటి అమ్ముతారు. దారి పక్కన మోకాలెత్తు బోర్డరుకు అది బాగుంటుంది. మనిషెత్తు కంచె కావాలంటే మాత్రం మామూలు రకమే.

ఇక ఎదుగుదల సంగతి. నిదానం, చాలా నిదానం. నాటిన మొదటి ఏడాది మట్టి లోపల ఏం జరిగిందో గానీ పైకి మాత్రం ఏమీ కనిపించలేదు. అదే వానకు పక్కింటి మాస్టారు గోల్డెన్ డ్యురాంటా పెట్టించారు. ఏడాది తిరిగేసరికి వాళ్లది నడుమెత్తు, మాది మోకాలెత్తు. ఇంటికి వచ్చినవాళ్లందరూ వాళ్ల కంచె చూసి మెచ్చుకునేవారు. మాది భుజం దాకా రావడానికి నాలుగో వానాకాలం పట్టింది. ఇల్లు కట్టుకున్న ఏడాదే చాటు కావాలనుకునేవాళ్లు ఈ ఒక్క కారణంతోనే దీన్ని పక్కన పెట్టేయొచ్చు, అందులో తప్పు లేదు.

ఆ మొదటి రెండేళ్లు కాపలా కూడా కావాలి. దీనికి ముళ్లుండవు. లేత చిగుళ్లను మేకలు వదల్లేదు. సరుగుడు కర్రలు పాతి, భావనపాడు వైపు నుంచి తెప్పించిన పాత చేపల వలను వాటికి చుట్టి దడి కట్టాం. డబ్బు ఖర్చు దాదాపు లేదు, గాలి ఆగలేదు, మేక ముట్టె లోపలికి దూరలేదు. మొక్కలు వల కన్నుల్లోంచి బయటికి పెరిగాక మూడో ఏడు తీసేశాం. కుక్కలు, పందులు రాకుండా ఉండాలంటే మాత్రం పెద్దయ్యాక కూడా మధుకామిని ఒక్కటే చాలదు. లోపలి వైపు మూడడుగుల చైన్‌లింక్ వల పెట్టిస్తే ఏడాదిలో ఆకు దాన్ని మింగేస్తుంది, కంటికి కనపడదు. కంచె అనగానే దొంగ రాకుండా ఆపేది అనుకునే వాళ్లు మన చిన్నప్పటి జెముడునో, గోరింటనో తలుచుకోవాలి. ఇది చూపును ఆపుతుంది, దుమ్మును ఆపుతుంది, మనిషిని ఆపదు.

దుమ్ము గురించి ప్రత్యేకంగా చెప్పాలి. టెక్కలి చుట్టుపక్కల గ్రానైటు క్వారీలు, పాలిషింగ్ యూనిట్లు ఉన్నాయి కదా, రాళ్ల లారీలు మా రోడ్డు మీద తిరుగుతూనే ఉంటాయి. కంచె లేని రోజుల్లో పొద్దున తుడిచిన వరండా మధ్యాహ్నానికి తెల్లబడేది. కంచె భుజమెత్తు అయ్యాక తేడా స్పష్టంగా తెలిసింది. దుమ్ము పూర్తిగా ఆగిందని అనను, కానీ ఎక్కువ భాగం ఆ ఆకుల మీదే ఆగిపోతుంది. మాఘం నుంచి వానలు పడే దాకా రోడ్డు వైపు ఆకు బూడిద రంగులో ఉంటుంది. వారానికోసారి సాయంత్రం పూట పైపుతో గట్టిగా నీళ్లు కొడతాం. ఆకు నున్నగా ఉండటం వల్ల ఒక్క దెబ్బకు కడిగేసుకుంటుంది. అదే నీటితో పిండినల్లి కూడా చాలావరకు రాలిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పూత.

మధుకామిని పువ్వు కొమ్మ చివర వేస్తుంది, అదీ కొత్తగా వచ్చిన కొమ్మ చివర. ఎండకు బాగా ఎండి, ఒక మంచి వాన పడ్డాక చిగురేసి, ఆ చిగురు చివర మొగ్గ కడుతుంది. మన దగ్గర వైశాఖంలో ఈదురుగాలులతో ఉరుములు మెరుపుల వానొకటి పడుతుంది చూడండి, అది పడ్డ మూడు వారాలకు అటూ ఇటూగా కంచె మొత్తం ఒకేసారి తెల్లగా విచ్చుకుంటుంది. అక్కడక్కడ ఒక గుత్తి రావడం కాదు, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే సాయంత్రం. అయిదు రేకులు, ప్రతి రేకూ వెనక్కి వంగి ఉంటుంది. వాసన నారింజ పువ్వుకు దగ్గరగా, మల్లె కన్నా కొంచెం ఘాటుగా ఉంటుంది. చీకటి పడ్డాక ఇంకా పెరుగుతుంది. ఆ నాలుగైదు రోజులూ మా వీధిలో నడిచేవాళ్లు మా గేటు దగ్గర ఆగి, ఏం పువ్వమ్మా ఇది అని అడగకుండా పోరు. పువ్వు నిలవదు, రెండో రోజుకు రాలుతుంది. తెల్లవారి లేచేసరికి ప్రహరీ బయట బాటంతా రేకులే. తర్వాత వానాకాలంలో ఇంకో రెండు మూడు విడతలుగా పూస్తుంది, కొన్నేళ్లు దసరా దాకా కూడా.

కంచెగా పెంచేవాళ్లు పోగొట్టుకునేది ఇదే. కంచె అనగానే నెలకోసారి పైన, పక్కన సమంగా కోసేయడం అలవాటు. కోసిన ప్రతిసారీ మొగ్గ పెట్టబోయే కొమ్మ చివరలే పోతాయి. అలా పెంచిన మధుకామిని ఏళ్ల తరబడి ఒక్క పువ్వూ పూయకుండా ఉంటుంది. మా బంధువుల ఇంట్లో ఉన్నది అలాంటిదే. అది పూసే మొక్కని వాళ్లకు తెలియనే తెలియదు. పూత లేనప్పుడు ఇంత నిదానంగా ఎదిగే మొక్క కోసం అన్నేళ్లు ఆగడం దేనికి, డ్యురాంటా పెట్టుకుంటే సరిపోతుంది కదా అని నా బాధ.

అందుకని మేం పూత రాలిన వెంటనే, వారం పది రోజుల్లోపు కోయిస్తాం. అప్పుడు కోస్తే కొత్త చిగుళ్లు వచ్చి, వాటి చివర వచ్చే విడత మొగ్గ కట్టడానికి వ్యవధి ఉంటుంది. ఈ రెండు కోతల మధ్య కంచె కొంచెం జుట్టు రేగినట్టు ఉంటుంది. ఉండనివ్వాలి. మాకు కంచె కోసే తాత మొదట్లో దీనికి ఒప్పుకునేవాడు కాదు. జ్యేష్ఠంలో ఒకసారి కత్తెర పట్టుకుని వచ్చి, నేను వద్దన్నానని, "ఏటమ్మా, దడి ఇలాగొగ్గేస్తే అడివిలాగుండదా, ఊళ్లోవోళ్లు నన్నంటారు గానీ నిన్నంటారా?" అని కోప్పడ్డాడు. "మొగ్గేసింది తాతా, పది రోజులాగు" అని ఒక కొమ్మ వంచి చూపించాను. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. చిగురు చివర ఆకుల మధ్య గసగసాలంత ఆకుపచ్చ గింజలు గుత్తిగా కనిపించాయి, వాటిలో పెద్దవి అప్పుడప్పుడే తెల్లబడుతున్నాయి. ఇప్పుడు తాత వచ్చీ రాగానే చేసే పని, కొమ్మ చివర రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కి చూడటం. గింజ తగిలితే కత్తెర తీయడు. వేరే ఇళ్లలో కూడా అలాగే చేస్తున్నాడట.

కార్తీకం వెళ్లాక ఎదుగుదల మందగిస్తుంది కాబట్టి, సంక్రాంతికి బంధువులు వచ్చేలోపు ఒక్కసారి నీటుగా కోయించుకోవచ్చు. ఆ కోత వల్ల పూతకు నష్టం రాలేదు.

కోత ఆకారం మీద ఒక్క మాట. కింద వెడల్పు, పైన సన్నం ఉండాలి. నిలువుగా కోసినా, పైన గొడుగులా వదిలినా కింది ఆకుకు ఎండ తగలక రాలిపోతుంది. మాది అయిదడుగుల ఎత్తు, కింద రెండున్నర అడుగుల వెడల్పు, పైన అడుగున్నర. ఇన్నేళ్లకీ మట్టి దగ్గర్నుంచి ఆకు ఉంది. మొక్క నడుమెత్తు కాకముందే తల తుంచడం మొదలుపెట్టాలి. త్వరగా ఎత్తు పెరగాలని తుంచకుండా వదిలితే ఎత్తు వస్తుంది గానీ నిండుతనం రాదు.

తిత్లీ తుపాను గురించి చెప్పకుండా టెక్కలిలో ఏ చెట్టు గురించీ రాయలేం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తీరం దాటింది, మాకు ఇంత దగ్గరలోనే. గాలి గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో వీచిందని తర్వాత వాతావరణ శాఖ చెప్పింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి, ఆ కుటుంబాల నష్టం ముందు ఒక కంచె సంగతి ఎంత చిన్నదో నాకు తెలుసు. అయినా మొక్క గురించి నేర్చుకున్నది అప్పుడే కాబట్టి రాస్తున్నాను. మా కంచెలో ఒక్క మొక్క కూడా వేళ్లతో లేచిపోలేదు. ఆకు మాత్రం చిరిగి, రెండో రోజుకు గోధుమ రంగుకు మాడిపోయింది. ఉత్తరం వైపు పెరట్లోని కొబ్బరి చెట్టు కంచె మీద అడ్డంగా పడి, దాని కింద ఉన్న మొక్కలు నుజ్జయిపోయాయి. కరెంటు లేని ఆ రోజుల్లో అందరికీ ముందు నీళ్ల టెన్షనే, మొక్కల జోలికి ఎవరూ పోలేదు. అది మంచిదే అయింది. ఎండినట్టు కనిపించిన కొమ్మలన్నీ కోసేసి ఉంటే పొరపాటయ్యేది. మూడు నాలుగు వారాలకు ఆ కొమ్మల మీదే కణుపు కణుపుకూ చిగురొచ్చింది. విరిగినవి మాత్రం తీయించి, మొక్కల మొదళ్లలో గెత్తం వేయించాం. కొబ్బరి చెట్టు కింద నలిగిన మొక్కలను మా వారు అడుగెత్తున రంపంతో కోసేశారు. ఈ మొక్క కర్ర ఎంత గట్టిదో అప్పుడే తెలిసింది. బొటనవేలంత కాడకు రంపం చాలాసేపు ఆడాల్సి వచ్చింది. పనిముట్ల పిడులకు, చేతికర్రలకు ఈ కర్ర వాడతారని విన్నది నిజమేనని నమ్మాను. కోసిన ఆ మోళ్లు కూడా బతికాయి. రెండేళ్లకు మిగతా వరసతో కలిసిపోయాయి, ఇప్పుడు ఎక్కడ విరిగిందో నేనే చూపించలేను.

పక్కింటి మాస్టారి డ్యురాంటా ఆ గాలికి చాలా చోట్ల మొదట్లోనే చీలింది. అదీ మళ్లీ చిగురించింది, మాకన్నా వేగంగా. డ్యురాంటాకు ఇవ్వాల్సిన మార్కులు ఇవ్వాలి: వేగం, చవక, ఎండలో ఆ పసుపు వన్నె. కానీ వానాకాలంలో రెండు మూడు వారాలకోసారి కోయించకపోతే చేయి దాటిపోతుంది, కూలి ఖర్చు లెక్కేసుకోండి. నీడలో ఆ బంగారు రంగు రాదు. దాని కాయలు, ఆకులు విషం. చిన్నపిల్లలున్న ఇంట్లో పసుపుపచ్చటి ముత్యాల్లాంటి ఆ కాయలు చేతికందేలా ఉండటం నాకు ఇష్టం లేదు. కొన్నేళ్ల కిందట అందరూ ఎగబడి నాటిన కోనోకార్పస్ గురించి నన్ను చాలామంది అడుగుతుంటారు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడాన్ని నిషేధించింది. ఇంటి పక్కన అక్కర్లేదనే నా మాట. నూరువరహాలు మన ఎర్రనేలకు బాగా సరిపోతుంది, ఏడాదిలో చాలాకాలం పూస్తుంది, మూడడుగుల కంచెకు అందమైనది. వాసన ఉండదు, అంతే తేడా.

తెగుళ్లు, పురుగుల విషయంలో ఈ మొక్క మరీ మొండిది కాదు, మరీ సున్నితమూ కాదు. పిండినల్లి, పొలుసు పురుగు ఫాల్గుణం నుంచి కనిపిస్తాయి. అవి విడిచే తీపి జిగురు మీద మసి పట్టి ఆకు నల్లబడుతుంది. కాండం మీద చీమలు బారులు తీరి ఎక్కుతున్నాయంటే పైన పిండినల్లి ఉన్నట్టే, కొమ్మలు విడదీసి చూడాలి. నీటి దెబ్బ, ఆ తర్వాత లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం కొట్టడం, ఇంతకు మించి మందులు మేం వాడలేదు.

సీతాకోకచిలుకల పురుగులు చిగుళ్లు తింటాయి. వాటిని చంపొద్దని నా మనవి. చిన్నప్పుడు అవి అచ్చం ఆకు మీద పడ్డ పిట్ట రెట్టలా నలుపు తెలుపుగా ఉంటాయి, అలా పక్షుల కళ్లు కప్పుతాయి. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారి, మెడ దగ్గర పాము కళ్లలాంటి మచ్చలొస్తాయి. మా మనవరాలు ఒకదాన్ని పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి రెండు ఎర్రటి మెత్తటి కొమ్ములు ఠక్కున బయటికొచ్చాయి, దాంతోపాటు పుల్లగా ఘాటైన వాసన. వెంటనే లోపలికి ముడుచుకుపోయాయి. ఆ గుంట మళ్లీ మళ్లీ తాకబోతే నేనే ఆపాను. ఇంత పెద్ద కంచెకు నాలుగు చిగుళ్లు పోతే లోటేమీ లేదు. ఆ నల్లటి పెద్ద రెక్కల సీతాకోకచిలుకలు భాద్రపదంలో పూల మీద తిరుగుతుంటే చూడాలి.

బోరు నీళ్లతో మాత్రం ఒక ఇబ్బంది వచ్చింది. మాది ఉప్పు, సున్నం కలిసిన నీరు. నాలుగో వేసవికి చిగురాకులు పసుపు తిరిగాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. అది ఇనుము లోపం. నేలలో ఇనుము లేక కాదు, నీటిలోని సున్నం వల్ల వేరు దాన్ని అందుకోలేదు. వేరుశనగ రైతులు పైరు పసుపెక్కితే కొట్టే మందే వాడాం: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). అప్పటికప్పుడు కలిపి, చల్లటి పూట, వారం తేడాతో రెండుసార్లు. కొత్తగా వచ్చిన ఆకు పచ్చగా వచ్చింది. ఇప్పుడు ఏటా తొలకరికి గెత్తం దండిగా వేయించి, ఎండాకులను మొదట్లోనే కప్పుతున్నాం. డాబా మీది వాన నీటిని కంచె కాలువలోకి మళ్లించాం. ఆ పసుపు మళ్లీ అంతగా రాలేదు. నీళ్లు వేసవిలో వారానికి రెండు తడులు చాలు, వానాకాలంలో అసలక్కర్లేదు. నీరు నిలిచే పల్లపు చోట మాత్రం నాటొద్దు, వేరు కుళ్లుతుంది.

నిమ్మ సంగతి. నిమ్మ, బత్తాయి, నారింజ తోటలకు గ్రీనింగ్ తెగులును మోసుకొచ్చే సిల్లిడ్ అనే చిన్న పురుగుంది. దానికి మధుకామిని చిగురంటే ఎంతో ఇష్టం. అక్కడ పెరిగి నిమ్మ చెట్టు మీదకు పోతుంది. గ్రీనింగ్ వచ్చిన చెట్టుకు మందు లేదు. అందుకే పెరట్లో నిమ్మ చెట్టుండి దాని మీద ఆశ ఉన్నవాళ్లు, ముఖ్యంగా పక్కన నిమ్మ తోట ఉన్నవాళ్లు ఈ కంచె జోలికి పోవద్దు. మా పెరట్లో నిమ్మ పెట్టకపోవడానికి ఇదే కారణం. నర్సరీలో కొనేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పరు. చెప్పాలి.

పూల వాసనకు పాములొస్తాయని మా అత్తగారు మొదట్లో భయపడ్డారు. పాము వాసన కోసం రాదు, ఎలుకా కప్పా కోసం వస్తుంది. కంచె మొదట్లో చెత్త పేరుకోకుండా, ఇటుకలు, పాత సామాను పెట్టకుండా చూసుకుంటే చాలు. గోరింట దడికైనా, మొగలి పొదకైనా ఇదే జాగ్రత్త. అత్తగారు చెప్పిన ఇంకో మాట మాత్రం ముమ్మాటికీ నిజం. పూత రోజుల్లో ఆవిడ గది కిటికీ కిందే కంచె ఉండటంతో రాత్రంతా వాసనకు తలనొప్పి వచ్చేది. ఆ వారం ఆవిడ మంచం ముందు గదిలోకి మారుస్తాం. కొత్తగా నాటేవాళ్లు పడకగది కిటికీకి కనీసం పదడుగులు వదలండి.

పూత తర్వాత ఎర్రటి చిన్న కాయలు కాస్తాయి. పిగిలిపిట్టలు వాటి కోసం వస్తాయి, కంచెలోనే గూళ్లు కడతాయి. కోతకు ముందు కొమ్మలు విడదీసి గూడుందేమో చూడమని తాతకు చెప్పి ఉంచాను. గుడ్లుంటే ఆ జానెడు మేర వదిలి మిగతాది కోస్తాడు. రాలిన గింజలు వానకు కంచె కిందే మొలుస్తాయి. పండు పండిన వెంటనే నాటితే బాగా మొలుస్తుంది, దాచిపెడితే మొలవదు. కంచెలో ఎక్కడైనా సందు పడితే నర్సరీకి వెళ్లక్కర్లేదు, ఆ మొలకలే తీసి నాటుకోవచ్చు. మా వీధిలో ఇప్పుడు మూడిళ్లలో మా కంచె మొలకలున్నాయి.

ఖర్చు పెద్దది కాదు. మొదట మొక్కలకు, కాలువ తవ్వకానికి అయినది పోతే, తర్వాత ఏడాదికి నాలుగు కోతల కూలి, ఒక బండి గెత్తం. పెళ్లిళ్ల రోజుల్లో డెకరేషన్ కుర్రాళ్లు వచ్చి కొమ్మలు అడుగుతారు. దీని ఆకు కోసి నీళ్లలో పెడితే రోజుల తరబడి వాడదు, అందుకే పూల బొకేల్లో, స్టేజీ అలంకరణల్లో పచ్చదనం కోసం వాడతారు. మా కోత వాళ్ల ముహూర్తాలతో కలిసొస్తే ఇస్తాం, మొగ్గ మీద ఉంటే ఇవ్వం.

విజయనగరం వైపు, మా టెక్కలి, పలాస వైపు ఎర్రనేలలున్న ఊళ్లలో, రోజుకు సగం పూటైనా ఎండ పడే చోట నిశ్చింతగా నాటుకోండి. కళింగపట్నం, భావనపాడు, బారువ లాంటి ఒడ్డు ఊళ్లవాళ్లకు మాత్రం ఇది సరిపడదు. ఉప్పు గాలికి, ఇసుక నేలకు ఆకు అంచులు మాడిపోతాయి. భావనపాడులో మా తెలిసినవాళ్లకు ఇచ్చిన మొలకలు రెండో వేసవి దాటలేదు. అక్కడివాళ్లు తాతల నాటి మొగలి దడినే నమ్ముకోవడం మంచిది.